మనలి మట్టి మచ్చు

దేవరాజులు గారు నెమ్మదిగా నడుస్తారు, నెమ్మదిగా మాట్లాడతారు, ఒక్క గాజు గొట్టాన్ని పది నిమిషాలు కడుగుతారు. జనవరి నుంచి జూన్ దాకా ఆ నెమ్మది చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. ఈ సంగతి ముందే ఒప్పేసుకుంటున్నాను. ఆయన గురించి రాయడానికి కూర్చుని నన్ను నేను మంచిదాన్నిగా చూపించుకుంటే ఆ రాత ఎందుకూ పనికిరాదు.

నా పేరు ప్రణతి. మాది చీరాల. మైలాపూరు పక్కన ఒక కాలేజీలో ఆరేళ్ళుగా మట్టిలోని సూక్ష్మజీవుల మీద పరిశోధన చేస్తున్నాను. దేవరాజులు గారు మా లాబ్ అటెండరు, యాభై ఏడేళ్ళ మనిషి. కొత్వాల్ చావడి బజారు దగ్గర పాత కోమటి కుటుంబం వాళ్ళది. బీచ్ స్టేషన్ నుంచి మా వైపు వచ్చే రైలు ఆపేశాక చింతాద్రిపేట దాకా బస్సులో వచ్చి అక్కడ రైలెక్కేవారు. అయినా ఎనిమిదింటికల్లా లాబ్ తలుపు తీసి ఉండేది. నుదుట సన్నటి కుంకుమ బొట్టు, తెల్ల చొక్కా, చేతిలో గుడ్డసంచి. ఆ సంచిలో రెండంతస్తుల టిఫిన్ డబ్బా, మడత పెట్టిన ఇంకో చొక్కా. రెండో చొక్కా ఎందుకో ఆరు నెలల పాటు నేను అడగలేదు.

నా కోపానికి కారణం కంటికి కనబడనంత చిన్నది. ఊరికి ఉత్తరాన ఉన్న మనలిలో మూతపడ్డ ఒక రంగుల ఫ్యాక్టరీ వెనక ఖాళీ స్థలంలో రెండడుగుల లోతున తవ్వి తెచ్చిన నల్లమట్టిలో నాకొక బాక్టీరియా దొరికింది. క్లాస్ట్రీడియం జాతిది. ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెదొక దారి అన్నట్టు, లోకమంతా గాలి పీల్చి బతుకుతుంటే దీనికి గాలి తగిలితే చావు. ఫ్యాక్టరీ వదిలేసిన రంగుల విషాన్ని తిని, మట్టి అడుగున చీకట్లో హాయిగా ఉంటుంది. ఇంతకుముందు ఎవరూ దీన్ని చూడలేదు. పేరు కూడా లేదు. పేరు పెట్టాలంటే రెండు దేశాల్లో ఉన్న సూక్ష్మజీవుల భాండాగారాలకి బతికున్న ట్యూబులు పంపాలి. వాళ్ళు పెంచి చూసి, బతికే ఉందని ఉత్తరం ఇస్తేనే నా పరిశోధన పరిశోధన. లేకపోతే ఆరేళ్ళూ బూడిదలో పోసిన పన్నీరు.

దీన్ని పెంచడానికి మేం వాడేది మాంసం ట్యూబు. మేక గుండెకాయను సన్నగా కొట్టించి, ఉడికించి, ఆరబెట్టి, గాజు గొట్టంలో అడుగున నింపి పైన ద్రవం పోస్తాం. ఉడికిన మాంసం ఆ కాస్త గాలినీ పీల్చేసుకుంటుంది. అడుగున మా ఉలిపికట్టె పెరుగుతుంది. పెరిగితే మాంసం నల్లబడుతుంది, ముక్కులు బద్దలయ్యే కంపు కొడుతుంది. మా లాబ్‌లో కంపు కొడితే శుభవార్త.

డిసెంబరు తుఫానుకి నాలుగు రోజులు కరెంటు లేదు. డీప్ ఫ్రీజర్‌లో దాచుకున్న నిల్వంతా కరిగి పాడైపోయింది. బయట అరలో ఆరు ట్యూబులు మాత్రం మిగిలాయి. కొన్ని నెలల్లోగా పాత ట్యూబు నుంచి కొత్త మాంసం ట్యూబులోకి మార్చకపోతే అవీ చచ్చిపోతాయి. మట్టిలో ఉన్నంతకాలం ఈ బాక్టీరియాకి ఒక మంచి గుణం ఉండేది. కాలం బాగాలేకపోతే చుట్టూ గట్టి పెంకు కట్టుకుని విత్తనంలా ఏళ్ళ తరబడి నిద్రపోయేది. లాబ్‌లో వేళకి తిండీ వెచ్చదనమూ మరిగాక ఆ అలవాటు మానేసింది. ఇల్లరికపుటల్లుడిలా తయారైంది.

సరిగ్గా ఆ జనవరిలోనే మా లాబ్‌లో మాంసం ఉడికించే బాలసుందరం రిటైరయ్యాడు. ఆ ఖాళీలో ఇంకొకర్ని వెయ్యలేదు. పని దేవరాజులు గారి మీద పడింది. నేను ఒక కాగితం మీద పద్ధతి రాసిచ్చాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

“అమ్మా, ఈ బాలసుందరం చేసే పని ఉండాదే, ఇది నాకు...”

“అంతా రాశానండీ.”

“అది సరే. మా నాయన మండీలో పప్పయితే నేను...”

“ఇప్పుడు పప్పుల కథ వద్దు దేవరాజులు గారూ. మీరేం ఆలోచించొద్దు. రాసింది రాసినట్టు చెయ్యండి, చాలు. రోజూ కొత్త ట్యూబులు కావాలి నాకు.”

“సెరి అమ్మా,” అని వెళ్ళిపోయారు.

పప్పుల కథ అంటే ఆయన జీవితమే. అది తర్వాత ముక్కలు ముక్కలుగా తెలిసింది. గోవిందప్ప నాయకన్ వీధిలో వాళ్ళ నాన్నకి పప్పుల మండీ, టోకు దుకాణం, ఉండేది. బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు కందిపప్పు తీస్తే ఏ ఊరి సరుకో, ఎన్నాళ్ళ పాతదో దేవరాజులు గారు చెప్పగలిగేవారట. కూరగాయల మార్కెట్టు కోయంబేడుకి తరలిపోయాక బజారుకి వచ్చే జనం పలచబడ్డారు. తండ్రి పోయాక అన్నదమ్ములు మండీ మూసేసి తలో దిక్కూ వెళ్ళారు. ఈయన మా కాలేజీలో గాజు సామాను కడిగే పనికి వచ్చారు. రెండు నెలల కోసమని వచ్చి ఇరవై ఆరేళ్ళు ఉండిపోయారు. గుప్పెడు పప్పుతో సరుకు కనిపెట్టే మనిషి చేత మేం గొట్టాలు కడిగించాం.

నాకు అప్పట్లో ఇవేవీ పట్టలేదు. ఫిబ్రవరిలో మొదటి ట్యూబు నుంచి మార్చినవి పెరగలేదు. మార్చిలో రెండోది, మూడోది. గాలి తీసేసే జాడీ పాతబడిందనుకుని కొత్తది తెప్పించాను. రసాయనాలు మార్చాను. కాలేజీ నీళ్ళు ఉప్పగా ఉన్నాయని నీళ్ళు మార్చాను. ఏప్రిల్‌లో భాండాగారం నుంచి ఉత్తరం వచ్చింది. మీరు పంపిన ట్యూబులో ప్రాణం లేదు, జూలై ముప్పై ఒకటిలోగా మళ్ళీ పంపండి అని. యూనివర్సిటీ నాకిచ్చిన ఆఖరి గడువు కూడా అదే. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఆ కోపమంతా ఎవరి మీద చూపించాలో తెలియక ఎదురుగా ఉన్న మనిషి మీద చూపించాను. పురికొసలు, పాత పేపర్లు దాచుకుంటారని తిట్టాను. గొట్టం కడగడానికి పది నిమిషాలా అని తిట్టాను. ఆయన తల దించుకుని వినేవారు. అలా వింటే ఇంకా మండేది.

జూన్ వచ్చేసరికి ఒక్క ట్యూబు మిగిలింది.

ఒకరోజు నిద్ర పట్టక ఏడున్నరకే కాలేజీకి వెళ్ళాను. లాబ్ వెనక చిన్న గదిలో నీళ్ళ చప్పుడు. మాంసం ఉడికించేది అక్కడే. బాలసుందరం ఉన్నప్పుడు గానీ, ఆ తర్వాత గానీ ఆ గదిలోకి నేను తొంగి చూసింది లేదు. తయారైన ట్యూబులు నా బల్ల మీదికి వచ్చేవి, అంతే.

దేవరాజులు గారు పాత చొక్కా వేసుకుని, ముక్కుకి తువ్వాలు కట్టుకుని, మొహం కిటికీ వైపు తిప్పుకుని నిలబడి ఉన్నారు. ముందు ఒక పెద్ద స్టీలు బేసిను. అందులో నీళ్ళు పోసి, పొడుగాటి గరిటెతో కలిపి, వంచేస్తున్నారు. పెదవులు కదులుతున్నాయి. స్తోత్రమేదో చదువుతున్నారు. బేసిన్‌లో ఉన్నది మాంసమని చెబితే తప్ప తెలియదు. కోరిన కొబ్బరిలా తెల్లగా పాలిపోయి ఉంది.

“ఏం చేస్తున్నారు?”

ఉలిక్కిపడ్డారు. “కడగతా ఉండానమ్మా. ఇంకొక్క తూరి. ఏడు తూర్లు కడిగితేనే నీళ్ళు తేటగా వస్తాయి.”

“ఉడికించాక కడుగుతున్నారా? ఉడికిన నీళ్ళేవి?”

“వార్చమని రాస్తివి గదా. వార్చి పారబోసినా.”

“మరి ట్యూబులో పైన పోసేది?”

“మంచి నీళ్ళే అమ్మా. ఉప్పూ ఆ పొడీ కలిపి. నీ అలమరలో ఉండేవే.”

 మాంసం ఉడికిన రసమే పైన పోయాలి. సారమంతా అందులోనే ఉంటుంది. ఏడుసార్లు కడిగితే గాలిని పీల్చే గుణం కూడా మోరీలోకే పోతుంది. మా ఇంట్లో మాంసం ఉడికిన నీళ్ళు ఎవరైనా పారబోస్తే మా అమ్మ అట్లకాడ తీసుకుంటుంది. ఆ రసాన్ని దాచి పోయాలని కాగితం మీద నేను రాయలేదు. రాయాల్సిన విషయమని తోచలేదు. మాంసం వండుకునే ఇంట్లో పుట్టిన ఎవరికీ తోచదు.

అప్పుడు మాత్రం ఈ ఆలోచన రాలేదు. అరిచాను. “ఆరు నెలలు! నా ఆరేళ్ళ కష్టం తీసుకెళ్ళి మోరీలో పోశారు మీరు! తెలియకపోతే అడగొచ్చు కదా!”

ఆయన తువ్వాలు విప్పారు.  “మా ఇంట్లో గుడ్డు కూడా రాదమ్మా. అంగట్లో మూడు కవర్లలో చుట్టి ఇస్తే చెయ్యి చాపి ఎత్తుకోని వస్తా ఉండా. పప్పయితే నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగాల. ఇదీ అట్లే అనుకున్నా. ఏ జీవమైనా తినేది గదా, శుద్ధంగా పెడదామని కడిగినా.” గరిటె బేసిన్‌లో పెట్టి అన్నారు: “అడిగినా గూడా. జనవరిలో. ఆలోచించొద్దు, రాసింది చెయ్యి అంటివి.”

ఆ మాట నేనే అన్నాను. తప్పు తనదైనప్పుడు మనిషికి కోపం ఇంకా ఎక్కువవుతుంది. తలుపు విసిరేసి వచ్చేశాను.

ఆ పూటే నేనే మాంసం ఉడికించి, రసం పోసి, సరైన ట్యూబులు చేశాను. మిగిలిన ఆ ఒక్క ట్యూబులోంచి బొట్టు తీసి అందులో వేశాను. ఒకరోజు, రెండు రోజులు, ఐదు రోజులు. రసం తేటగానే ఉంది. మాంసం రంగు మారలేదు. ఏడో రోజున దమయంతి మేడమ్‌కి చూపించాను. ఆవిడ మా గైడు. ట్యూబు పైకెత్తి వెలుగులో చూసి, “పోయింది ప్రణతీ,” అంది. “మళ్ళీ మనలి మట్టి తెచ్చుకోలేవా?”

“ఏప్రిల్‌లోనే వెళ్ళాను మేడమ్. ఆ స్థలంలో గోడౌను కట్టేశారు. నేలంతా కాంక్రీటు.”

“అయితే ఇంకో అంశం చూసుకో,” అని ఆవిడ క్లాసుకి వెళ్ళిపోయింది. ఆరేళ్ళు పోయాక ఇంకో అంశం చూసుకోవాలట.

లాబ్‌లో స్టూలు మీద కూర్చుని ఏడ్చాను. తొట్టి దగ్గర దేవరాజులు గారు గొట్టాలు కడుగుతున్నారు. వారం రోజులుగా మా మధ్య మాటల్లేవు. ఆయన వినాలని కాదు గానీ, పైకే అనేశాను: “మూడేళ్ళ క్రితం ఆ మట్టి సీసాలన్నీ పారెయ్యమన్నాను చూడండి, నన్ను చెప్పుతో కొట్టాలి. ఆ మట్టి గుప్పెడున్నా చాలు. మట్టిలో అది నిద్రపోతూ బతికే ఉండేది.”

నీళ్ళ చప్పుడు ఆగింది.

“ఏ మట్టమ్మా? మనలిదా?”

“ఇంకే మట్టి!”

ఆయన చేతులు తుడుచుకుని, గొట్టాల అలమర కింది అర తెరిచి, వెనక నుంచి ఒక రేకు డబ్బా లాగారు. నేను విసుక్కునే పాత పేపర్లు, పురికొసలు అందులోనే ఉన్నాయి. వాటితో కట్టిన పొట్లాలు, బజారులో కట్టినంత పొందికగా, వరసగా పేర్చి ఉన్నాయి. ఒక్కొక్కదాని మీదా ముత్యాల్లాంటి తెలుగు అక్షరాలు. ఎన్నూరు ఉప్పు మట్టి. షోళింగనల్లూరు చెరువు అడుగు. ఆయన ఒకటి తీసి నా చేతిలో పెట్టారు. మనలి, రంగు ఫ్యాక్టరీ వెనక, రెండడుగుల లోతు, ప్రణతమ్మ తెచ్చింది. దాని కింద ఇంకో వరస: సరుకు పారేయమన్నారు, పారేసినాను, మచ్చు ఉంది.

“మచ్చు?”

“మండీలో ప్రతి సరుకుదీ ఒక గుప్పెడు పొట్లం కట్టి పెట్టేది అమ్మా. అదే మచ్చు. సరుకు అమ్ముడు పోయినా సరే, కొన్నోడు బాగుండాదని చెప్పేదాకా మచ్చు పారేసేదానికి లేదు. రేపు తగువొస్తే దేన్ని చూపించేది? మా నాయన అట్లే నేర్పించినాడు. ఈడికి వచ్చిన మట్టికంతా నేనూ కట్టి పెట్టినా. సుమ్మా, ఊరికే అలవాటు.”

పొట్లం చేతిలో పట్టుకుని నేను ఆనందపడాలి. కానీ రక్తం మరిగింది. “ఆరు నెలలుగా నేను చస్తుంటే ఇది ఇక్కడ ఉందా? ఎందుకు చెప్పలేదు?”

“నువ్వు మట్టి అడగలేదు గదమ్మా. ట్యూబు, ట్యూబు అనే అంటివి. మట్టిలో అది ఉంటుందని నాకెవరు చెప్పినారు?”

అడగందే అమ్మయినా పెట్టదంటారు. నేను అడగకపోవడమే కాదు, అడగడానికి వచ్చిన మనిషి నోరు కూడా మూయించాను.

మట్టిని నీళ్ళలో కలిపి, ఎనభై డిగ్రీల వేడిలో పది నిమిషాలు ఉంచాను. ఆ వేడికి మిగతావి చస్తాయి, పెంకు కట్టుకున్నవి లేస్తాయి. మాంసం నేనే ఉడికిస్తానంటే ఆయన ఒప్పుకోలేదు. “చెడిపింది నేను. నేనే సరి చేయాల. నువ్వు పక్కన నిలబడి చెప్పు, చాలు,” అన్నారు. చెప్పాను. ఈసారి ఒక్కసారి కూడా కడగలేదు. రసం వార్చి గిన్నెలోకి పట్టేటప్పుడు కళ్ళు మూసుకున్నారు, కానీ ఒక్క బొట్టు కింద పడనివ్వలేదు. అలా ప్రతి ఉదయం కొత్త ట్యూబులు చేస్తూనే ఉన్నారు. అది లేస్తే మార్చడానికి తాజావి కావాలి కదా.

నాలుగో రోజు మధ్యాహ్నం నేను వరండాలో ఉన్నాను. దేవరాజులు గారు పరిగెత్తుకుంటూ వచ్చారు. ఇరవై ఆరేళ్ళలో ఆయన పరిగెత్తడం ఎవరూ చూసి ఉండరు.

“అమ్మా! రా! కంపు కొడతా ఉండాది!”

జాడీ మూత తీయగానే తెలిసింది. అడుగున మాంసం నల్లబడింది. పక్కనుంచి సన్నటి బుడగలు లేస్తున్నాయి. సూక్ష్మదర్శినిలో పెట్టి చూస్తే అదే. పొడుగ్గా, ఒక చివర ఉబ్బి, నా ఉలిపికట్టె. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. గడువుకి ఇంకా నెల ఉంది. ఆయన ముక్కు మూసుకుని, ఆ నల్లటి ట్యూబునే మురిపెంగా చూస్తున్నారు.

“రండి దేవరాజులు గారూ, ఇవాళ మనిద్దరం కలిసి భోంచేద్దాం. మీ డబ్బా తెచ్చుకోండి.”

“పరవాలే అమ్మా. నువ్వు తిను.”

“మీరు తినేశారా?”

ఆయన ముక్కు మీంచి చెయ్యి తీశారు. “అది ఉడికించిన దినం నేను తినేది లేదమ్మా. ఇంటికి పోయి స్నానం చేసి, దీపం పెట్టి, అప్పురమే తినేది.”

“మరి రోజూ తెచ్చే డబ్బా?”

“వాచ్‌మన్‌కి ఇచ్చేస్తా. వాసవాంబకి తెలీదు. చొక్కా వాసనలో కూడా ఆమెకి తెలీకూడదని ఈడనే మార్చుకోని పోతా. తెలిస్తే ఆమె ఈ పనే మానేయమంటాది.”

వాసవాంబ ఆయన భార్య. రోజూ తెల్లవారకముందే లేచి ఆ డబ్బా కట్టేది ఆవిడే. నేను జనవరిలో ఏమన్నానో నాకు గుర్తొచ్చింది. రోజూ కొత్త ట్యూబులు కావాలి నాకు. ఆదివారాలు తప్ప, ఆరు నెలలు. ఒక పురుగుకి తిండి పెట్టడానికి ఈ మనిషి మధ్యాహ్నం తిండి మానేశారు. పైగా ఈ వారం దాకా ఆ పురుగు కూడా తినలేదు. నా మీద నాకు వచ్చినంత కోపం ఆయన మీద ఎప్పుడూ రాలేదు.

“ఎందుకు చెప్పలేదండీ?” అన్నాను మళ్ళీ. నాకు ఇంకో ప్రశ్న రాదు కాబోలు.

ఆయన నా వైపు చూశారు. ఎత్తిపొడుపు లేదు, కోపం లేదు. “తిన్నావా అని నువ్విప్పుడే గదమ్మా అడిగింది,” అన్నారు.

మర్నాడు ఆరింటికే వెళ్ళి మాంసం గిన్నె నేనే పొయ్యి మీద పెట్టాను. ఆరున్నరకి ఆయన వచ్చి, గది గుమ్మంలో నిలబడి చూసి, గొట్టాల తొట్టి దగ్గరికి వెళ్ళారు. ఆ రోజు సంచిలోంచి రెండో చొక్కా తియ్యలేదు. ఒంటిగంటకి బయట మెట్ల మీద కూర్చుని డబ్బా విప్పారు. ఒక ముద్ద తీసి కాకికని పిట్టగోడ మీద పెట్టారు. మిగతాది, తన మామూలు నెమ్మదితో, మెతుకు మిగల్చకుండా తిన్నారు. నేను కిటికీ దగ్గర నిలబడి ఆయన తినడం అయ్యేదాకా చూశాను. నా చేతులు ఇంకా మాంసం వాసన కొడుతున్నాయి.